కలర్ కరెక్షన్

అరండల్‌పేట ఏడో లైన్లో
మా మిషన్‌కి నిద్ర ఉండదు.
ఓణీల ఫంక్షను, వార్డు నాయకుడి పుట్టినరోజు,
పదకొండో నాటి అశ్రునివాళి,
అన్నిటికీ ఒకటే రోలు,
చదరపడుగుకి ఒకటే రేటు.

సంగడిగుంట మునిసిపల్ స్కూలు నుంచి
హేమసుందరి టీచరు పెన్‌డ్రైవ్ తెచ్చారు.
వరండా గోడకట, ఆరు బై నాలుగు, తొమ్మిది బొమ్మలు.
"ఏమీ మార్చకు, నాగుల్ మీరా."
సరే అన్నాను.
నేను అందరికీ సరే అంటాను.

మొదట గురుడు దిగాడు,
వేలెడు వేలెడుగా, హెడ్ కింద నుంచి.
పాలు పొంగి గిన్నె అంచున ఎండిన చారలు,
ఆ చారల్లో ఒక ఎర్ర సుడి.
తుఫానట. మా తాతల తాతల కాలం నుంచీ తిరుగుతోందట.
మనకి వచ్చేవి ఏవైనా
మూడో నాటికి బాపట్ల దగ్గర తీరం దాటతాయి.
పాపం, దానికి దాటడానికి తీరమే లేదు.

ఆ వెనకే వాడి చందమామల్లో ఒకటి:
పసుపు మీద ఎర్రమచ్చలు,
యార్డులో తాలుకాయా తేజా
కలగలిపి పోసిన పట్టా.
ముక్కు దానంతటదే మూసుకున్నాను.

శని ఉంగరం సగంలో కరెంటు పోయింది.
చీకట్లో కూర్చున్నాను, పక్కనే
సగం తెగిన ఉంగరంతో ఒక గ్రహం.
వచ్చాక చూస్తే నల్ల ఇంకు అడుగంటింది.
పదమూడేళ్లలో
ఏ నాయకుడికీ ఇంత నలుపు పట్టలేదు.

తోకచుక్కంటే తోకే అనుకునేవాణ్ణి.
దగ్గర్నుంచి తీస్తే
మసిబట్టిన అల్లం కొమ్ము,
ఒక పక్కన సన్నగా ఆవిరి.

ఆరోది ఇంకో చందమామ.
ఒళ్లంతా గుంటలు,
గుంట మీద గుంట, సూదిమొన మోపను చోటు లేదు.
అలవాటుగా బ్రష్ తీసుకుంది చెయ్యి.
ఈ చెయ్యి ఎంతమందికి మొటిమలు మాన్పిందో,
ఎన్ని నల్లముఖాలకి సున్నం కొట్టిందో.

మా నాన్న పరుపులు కుట్టేవాడు.
చిన్నప్పుడు స్ఫోటకం పోసిన ముఖం,
వాన చినుకులు పడ్డ ఇసక.
నలభయ్యో రోజుకి బోర్డు వేశాను, నా చేత్తో,
ఒక్క మచ్చ మిగల్లేదు, బుగ్గలు నున్నగా.
అమ్మ దాని ముందు నిలబడి
పక్కింటామెని అడిగింది:
"ఎవరిదమ్మా ఈ బొమ్మ?"

బ్రష్ కింద పెట్టాను.
గుంటలు ఎన్ని ఉంటే అన్నీ అచ్చేశాను.

బుద్ధొచ్చిందనుకున్నారా?
తెల్లవారుజాము మూడింటికి
అంగారకుడి మీద పొద్దు గూకుతోంది.
రాళ్లు సరే, దుమ్ము సరే,
సూర్యుడి చుట్టూ నీలం.
ఫైలు పాడైందనుకున్నాను.
పొద్దుగూకడం నాకు తెలీదా?
నల్లపాడు చెరువు మీద ఎన్ని చూశాను!
నీలం లాగేసి, నారింజ నింపి,
అంచుకి కాస్త కుంకుమ కూడా అద్ది
ప్రింట్ కొట్టి పడుకున్నాను.

పొద్దున టీచరు చాలాసేపు చూశారు.
తిట్టలేదు.
"అక్కడ పగలంతా ఆకాశం ఎర్రన, మీరా.
మాపటేళ మాత్రం ఇంత నీలం.
ఆ దుమ్ము వేరు."

ఇంకోటి నా డబ్బుల్తో వేసిచ్చాను.
ఎండుతుంటే దాని ముందు
టీ చల్లారేదాకా నిలబడ్డాను.
అక్కడెవరూ లేరు,
అయినా రోజూ గూకుతోంది,
ఎవరో దిద్దుతారని భయపడకుండా.

తప్పుది మా అక్క ఖాసింబీ పట్టుకుపోయింది.
ఏటుకూరు రోడ్డులో ఆమె ఇడ్లీ బండికి
కన్నాల్లోంచి తాళ్లు దూర్చి కట్టింది.
మొన్న జోరువాన.
ఏ లోకంలోనూ లేని పొద్దు కింద
ఏడుగురు మనుషులు, ఒక కుక్క, ఇడ్లీల పొగ.
స్కూలు సంచి నెత్తిన పెట్టుకున్న బుడ్డోడొకడు
పైకి చూసి అన్నాడు:
"ఇది తప్పు. మా వరండాలో నీలంగా ఉంటది."

చట్నీ వేస్తూ అక్క తలెత్తలేదు.
"తప్పైతే తప్పైంది లేరా,
కారట్లేదుగా."